చివరి వాక్యం కొట్టేసిన రోజు

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా విజయనగరం జిల్లాలోని ఒక శాఖా గ్రంథాలయంలో రిటైర్డ్ సబ్ పోస్ట్‌మాస్టరు ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని ఎత్తి రాసినది.)

అందరికీ నమస్కారం. మైకు కాస్త కిందికి దించుతారా బాబూ... ఆఁ, చాలు.

లైబ్రేరియన్ గారు మొదట నన్ను ‘కథ రాయడం ఎలా’ అనే విషయం మీద మాట్లాడమన్నారు. నా వల్ల కాదండీ అన్నాను. నావి అచ్చయిన కథలు మొత్తం రెండు. రెండూ మా యూనియన్ పత్రికలో వచ్చాయి. ఆ పత్రిక ఎడిటరు నా పక్క కౌంటరాయన. (నవ్వులు) ‘పోనీ, ఆమధ్య ఒక రోజు కథల కార్యశాలకి వెళ్ళొచ్చారు కదా, అక్కడేం జరిగిందో చెప్పండి’ అన్నారు. అది చెప్పగలను. జరిగింది జరిగినట్టు చెప్పడం మా డిపార్ట్‌మెంటులో మొదటి రోజే నేర్పుతారు.

ముందు ఒక సంగతి. కార్యశాల అన్న మాట వింటేనే నాకు భయం. అంతకు మూడేళ్ళ ముందు ఒక పెద్ద ఊళ్ళో ఇలాంటిదే ఒకటి పెడితే ఐదొందలు కట్టి వెళ్ళాను. ఎవరు పెట్టారో అడక్కండి, చెప్పను. పదింటికి మొదలవ్వాలి. ముఖ్య అతిథి పదకొండున్నరకి వచ్చారు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, వేదిక మీదికి పదకొండు మంది, పదకొండు మందికీ బొకేలు. ‘సమయాభావం వల్ల రెండు ముక్కలే చెబుతాను’ అని మొదలుపెట్టినవాళ్ళెవరూ పావుగంటకి తగ్గలేదు. భోజనం మాత్రం బాగుంది, అబద్ధం చెప్పకూడదు. నాలుగింటికి శాలువాలు, ఐదింటికి సర్టిఫికెట్లు. వాళ్ళిచ్చిన నోట్‌బుక్కు మొదటి పేజీ కూడా తిప్పకుండా ఇంటికొచ్చాను. మా ఆవిడ దాంట్లో పాల లెక్క రాసుకుంది. ఆ నోట్‌బుక్కులో ఎవరైనా రాసిందంటూ ఉంటే అదే. (నవ్వులు)

అందుకని శ్రీకాకుళంలో ఇంకోటి జరుగుతోంది, వస్తావా అని మా స్నేహితుడు ఫోన్ చేసినప్పుడు ‘ముఖ్య అతిథి ఎవరు?’ అని అడిగాను. ‘ఎవరూ లేరు’ అన్నాడు. ‘శాలువాలు?’ ‘లేవు.’ ‘అయితే వస్తాను.’

ఒక రోజు ముందే బయల్దేరాను, పనిలో పనిగా కథానిలయం చూడొచ్చని. చూడనివాళ్ళు ఒకసారి వెళ్ళండి. కథలు రాసిన కాళీపట్నం రామారావు గారు, కారా మాస్టారు, విశాఖపట్నంలో లెక్కలు చెప్పిన పంతులు గారు. కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1995లో వచ్చింది. తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒక్కచోట దొరకాలన్న పట్టుదలతో 1997లో ఆ ఇల్లు తెరిచారు. ‘భారతి’ సాహిత్య పత్రిక మొదలైందీ, మాస్టారు పుట్టిందీ ఒకే ఏడు, 1924. ఆ పాత పత్రికల బీరువాల మధ్య నించుంటే నాకు మా సార్టింగ్ గది గుర్తొచ్చింది. అదే కాగితం వాసన, అదే దుమ్ము, అదే తుమ్ములు. మా దగ్గర కాగితం ఏదీ సాయంత్రానికి మిగలకూడదు, మిగిలితే మెమో. ఇక్కడ ఒక్క కాగితమూ బయటికి పోకూడదు. ముప్ఫై మూడేళ్ళు కాగితాలు పంపించే పని చేసినవాణ్ణి, కాగితాలు ఆపే చోట కాసేపు కూర్చుంటే అదోలా అనిపించింది.

సరే, మర్నాడు ఆదివారం. ఒక స్కూలు మేడ మీద గది. బెంచీలు గోడ వారకి జరిపేసి కింద జంపఖానాలు పరిచారు. నాలాంటి మోకాళ్ళవాళ్ళకి నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. అందరం కలిసి ఇరవై రెండు మందిమి. గుమ్మం దగ్గర స్టీలు బేసిను పెట్టి ఫోన్లన్నీ అందులో వేయమన్నారు. నడిపేవాళ్ళు ఇద్దరు. ఒకావిడ కాలేజీలో తెలుగు చెబుతారు, ఒకాయన కథలు రాస్తారు. పరిచయాలు ఐదు నిమిషాల్లో అయిపోయాయి. పేరు, ఊరు, చేసే పని, అంతే. ‘నేను చిన్నతనం నుంచీ సాహిత్యాభిలాషిని’ అని ఒకాయన అందుకోబోతే మేడమ్ గారు నవ్వుతూనే ఆపేశారు. ఆ నవ్వు చూసి నేను కొంచెం సర్దుకుని కూర్చున్నాను.

మొదటి పని ఇది. తెల్లకాగితాలు పంచారు. పది నిమిషాలు రాయాలి. పెన్ను ఆపకూడదు, కొట్టివేతలు లేవు, వెనక్కి వెళ్ళి చదువుకోవడం లేదు. ఏమీ తోచకపోతే ‘ఏమీ తోచడం లేదు’ అనే రాయాలి, తోచేదాకా. విషయం: మీరు బాగా ఎరిగిన చేతులు.

నేను రాసిన మొదటి వాక్యం ఏమిటో చెప్పనా? ‘పై విషయమై తెలియజేయునది ఏమనగా’. (నవ్వులు) నిజమండీ. చెయ్యి దానంతటదే రాసేసింది. కొట్టేయడానికి లేదు. దాని కింద ‘ఏమీ తోచడం లేదు’ అని నాలుగుసార్లు రాశాను. ఐదోసారి రాస్తుంటే ఒక బొటనవేలు గుర్తొచ్చింది.

ఉపాధి హామీ పనులు మొదలైంది 2006లో. మన రాష్ట్రంలో కూలి డబ్బులు పోస్టాఫీసు ఖాతాల్లో వేసేవారు. అప్పటిదాకా రోజుకి పాతిక మంది వచ్చే మా కౌంటరు ముందు ఒక్కసారి వీధి చివరిదాకా లైను. పాస్‌బుక్కు చిరగకుండా పాలిథిన్ కవరులో పెట్టి, దాన్ని చీర కుచ్చిళ్ళలో దోపుకుని వచ్చేవారు. సంతకం రానివాళ్ళకి వేలిముద్ర, దానికి సాక్షి సంతకం. వేలిముద్ర తీసుకోవడం మీరనుకున్నంత తేలిక కాదు. ప్యాడ్ మీద ఇంకు ఎక్కువైతే మచ్చ పడుతుంది, తక్కువైతే ఏమీ పడదు. వాళ్ళ వేలు మనం పట్టుకుని, ఎడమ అంచు నుంచి కుడి అంచుకి మెల్లిగా దొర్లించాలి. వాళ్ళంతట వాళ్ళని వేయమంటే గోడకి పిడక కొట్టినట్టు కొట్టేస్తారు.

ఒకావిడ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. వేలు దొర్లించాను. నల్లటి కోడిగుడ్డులా పడింది, లోపల ఒక్క గీత లేదు. ఇంకు ఎక్కువైందేమో అని గుడ్డతో తుడిచి మళ్ళీ వేశాను. అదే గుడ్డు. మూడోసారి చెయ్యి తిప్పి చూశాను. బొటనవేలి చివర బల్ల మీది గాజు పలకలా నున్నగా ఉంది. చెరువు పనిలో తట్టలు, దానికి ముందు రాళ్ళు, దానికీ ముందు ఏముందో. ‘ముద్ర పడట్లేదమ్మా’ అన్నాను. ఆవిడ కోప్పడలేదు, నవ్వింది. ‘ఏటి బాబూ, నా ఏలు నాది కాదంటావేటి?’ అంది. వెనక లైనంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నల్ల గుడ్డు కిందే సాక్షి చేత సంతకం పెట్టించి డబ్బులిచ్చేశాను.

ఆ పది నిమిషాల్లో ఇదంతా రాలేదు. ఆవిడ అన్న మాట దాకా వచ్చింది, బెల్లు కొట్టేశారు. కానీ పదహారు పదిహేడేళ్ళుగా ఆ వేలు నాలో ఎక్కడుందో నాకే తెలీదు. రెండు కథలు రాశానని చెప్పాను కదా, రెండూ ప్రేమకథలు. (నవ్వులు) నవ్వకండి, అవి నిజంగా బాగోలేదు.

తర్వాత ఉప్మా, టీ. ఉప్మాలో జీడిపప్పు ఉంది, అది కూడా రికార్డులో ఉండనీయండి.

రెండోది సంభాషణ. తల్లీ కొడుకూ మాట్లాడుకోవాలి. పొలం అమ్మేస్తున్నారు, ఆ ఇద్దరికీ తెలుసు. కానీ పొలం, భూమి, అమ్మకం, డబ్బు, ఏడుపు అన్న మాటలు వాడకూడదు. మా పక్కనున్న పెద్దాయన ‘ఇదేదో ఇంగ్లీషు పద్ధతిలా ఉందే’ అని గొణిగాడు. నాకు నవ్వొచ్చింది. అవధానం చూసిన ఊరివాళ్ళం మనం. నిషిద్ధాక్షరి అంటే ఇదే కదండీ. అవధాని పద్యం అక్షరం అక్షరం చెబుతుంటే, ఆయన మనసులో వచ్చే అక్షరం ఏదో కనిపెట్టి ‘అది వద్దు’ అంటాడు పృచ్ఛకుడు. ఆయన ఇంకో దారి వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలోనే కొత్త మాట దొరుకుతుంది. దత్తపదిలో ఫలానా మాటలు పెట్టాలంటారు, నిషిద్ధాక్షరిలో వద్దంటారు. వచనం రాసేవాళ్ళం ఆ ఆటని పద్యానికి వదిలేసి మన మానాన మనం వచ్చేశాం.

అందరూ ఏదో ఒకటి రాశారు. ఎక్కువమంది ‘నాన్న గుర్తు’, ‘తాతల నాటి ఆస్తి’ అని చుట్టూ తిరిగారు. నేనూ అంతే. పాలకొండ వైపు నుంచి వచ్చిన ఒకావిడ, గృహిణి, పదో తరగతి దాకా చదివానని చెప్పిన ఆవిడ, నాలుగే వాక్యాలు చదివింది. నాకు కంఠతా వచ్చేశాయి.

‘ఇంకొంచెం పెట్టుకోరా.’

‘చాలమ్మా.’

‘తిను. ఇవి మన బియ్యమే.’

‘ఊఁ.’

‘వచ్చే ఏడు నుంచి ఏ కొట్లో బాగుంటాయో కనుక్కో.’

నాలుగన్నాను, ఐదు ఉన్నాయి. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కథలు రాసే సారు ‘మళ్ళీ చదవండమ్మా’ అన్నారు. ఆవిడకి తను చేసిందేమిటో అర్థం కాలేదు. ‘తప్పేమైనా ఉందా సార్’ అంది. ఆ రోజు నేను విన్నవాటిలో అన్నిటికంటే మంచి తెలుగు ఆ ఐదు ముక్కలు. అందులో ఒక్క అందమైన మాట లేదు.

మధ్యాహ్నం ముద్దపప్పు, వంకాయ కూర, చారు. అరిటాకులో తిని వచ్చాక కళ్ళు వాలిపోతున్నాయి. అది తెలిసే కాబోలు, మేడమ్ గారు ఆ గంటలో మా అందరి కాగితాల్లోని సంభాషణలూ తీసుకుని ఏకడం మొదలుపెట్టారు. పొద్దున్నటి నా చేతుల కాగితంలో ఆ ముసలావిడ మాట ఎలా రాశానంటే, ‘ఏమిటి బాబూ, నా వేలు నాది కాదంటారా?’ అని. మేడమ్ గారు అడిగారు, ‘ఆవిడ ఇలాగే అందా?’ ‘లేదండీ, ఏటి బాబూ అంది.’ ‘మరి ఎందుకు మార్చారు?’ నా దగ్గర సమాధానం లేదు. సర్వీసంతా ఆ మాటలు విన్నాను, ఇంట్లో నేనూ అలాగే మాట్లాడతాను, పెన్ను పట్టుకునేసరికి ఆవిడ చేత రేడియో వార్తలు చదివించాను. పైగా ఇది ఏ నేల? గిడుగు రామమూర్తి గారు తిరిగిన నేల. మాట్లాడే భాషలో రాయనివ్వండి అని పండితులతో జీవితమంతా పోట్లాడారు. సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు చేశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29 నాడు ఏటేటా దండలు వేస్తాం. ముప్ఫయ్యో తారీఖు నుంచి మళ్ళీ ‘ఏమిటి బాబూ’. నన్ను నేనే అనుకుంటున్నాను, మీలో ఎవర్నీ కాదు.

ఇక సాయంత్రం. ఇదే నేను అసలు చెప్పాలనుకున్నది. మూడు గంటలకి అందరినీ పొద్దున్న రాసిన చేతుల కాగితాన్ని ఒక పేజీ కథగా పూర్తి చేయమన్నారు, గంట టైము. నాకు టెన్షన్. పరీక్ష హాల్లో కూర్చున్నట్టే ఉంది. ఎలాగో రాశాను. అప్పుడు కాగితాలు మార్చుకోమన్నారు. నా కాగితం రాజాం నుంచి వచ్చిన కుర్రాడికి వెళ్ళింది. మెడికల్ షాపులో పని చేస్తాడు, పాతికేళ్ళుంటాయి. అతను నాది పైకి చదవాలి. నేను నోరు మెదపకూడదు. ‘అది కాదు బాబూ, అక్కడ నా ఉద్దేశం ఏమిటంటే’ అనడానికి లేదు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో 1936 నుంచి కథలు రాయడం నేర్పే శాఖ ఒకటి నడుస్తోందట, రాసినవాడు నోరు మూసుకుని కూర్చోవాలన్న పద్ధతికి అది పేరుపడ్డ చోటని సారు చెప్పారు.

నాకు మాత్రం తిక్కన గారి ముచ్చట గుర్తొచ్చింది. చరిత్రో కాదో గానీ మన పెద్దవాళ్ళు చెప్పుకునే కథ. ఆయన భారతం ఆశువుగా చెబుతుంటే గురునాథుడు రాసేవాడు. ఎక్కడా ఆగకూడదని పంతం. ఒక పద్యంలో మాట తోచక, ‘ఏమి సెప్పుదుం గురునాథా’ అని నిట్టూర్చారు. పోయింది పంతం అనుకున్నారు. గురునాథుడు మాత్రం ఆగకుండా రాసేశాడు. ‘కురునాథా’ అన్న మాట సంధిలో ‘గురునాథా’ అవుతుంది కదా, కౌరవరాజుని పిలిచినట్టు పద్యంలో అతికినట్టు సరిపోయింది. చెప్పినాయనకి వినపడని అర్థం రాసినవాడికి వినపడింది. ఆ కుర్రాడు గొంతు సవరించుకుంటుంటే నేను ఇదే తలుచుకున్నాను. నాకేం వినపడుతుందో అని.

చదివాడు. బాగానే చదువుతున్నాడు. మందు చీటీలు చదివిన అలవాటేమో, నా దస్తూరీకి ఎక్కడా తడబడలేదు. నల్లటి గుడ్డు దగ్గర ఎవరో ‘ఊఁ’ అన్నారు. ‘ఏటి బాబూ’ దగ్గర అందరూ నవ్వారు, ఆ రోజు లైను నవ్వినట్టే నవ్వారు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. తర్వాత చివరి వాక్యానికి వచ్చాడు. ఆ వాక్యం ఏమిటంటే... చదువుతాను, కాగితం తెచ్చాను. ‘శ్రమజీవుల వేళ్ళ మీది గీతలను ఈ సమాజమే చెరిపివేసింది, వారి చెమట చుక్కల విలువను మనం ఏనాడు గుర్తిస్తామో!’ చివర ఆశ్చర్యార్థకం.

ఆ వాక్యం మొదలుపెట్టగానే కుర్రాడి గొంతు మారింది. అతనికే తెలీకుండా. అప్పటిదాకా పక్కింటివాడితో మాట్లాడినట్టు చదివినవాడు, వేదిక ఎక్కినట్టు గొంతు పెంచాడు. ఎదురుగా కూర్చున్నావిడ చేతిసంచి జిప్పు లాక్కుంది. ఒకరిద్దరు వెనక్కి వాలారు. అయిపోయిందని అందరికీ తెలిసిపోయింది. ముసలావిడ ఎప్పుడో వెళ్ళిపోయింది, నేను ఒక్కణ్ణే మైకు పట్టుకుని నించున్నాను.

ఎవరూ నన్ను ఏమీ అనలేదండీ. అనాల్సిన పని లేదు. కాగితం చేతికి రాగానే పెన్ను తీసి ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీశాను. గీస్తుంటే బాధేసింది, ఎందుకంటే పేజీ మొత్తంలో నేను ఎక్కువసేపు ఆలోచించి, ఇదే బాగుందని మురిసిపోయిన వాక్యం అదొక్కటే.

ఇంటికొచ్చాక నా పాత కథలు రెండూ తీసి చూశాను. రెండిటికీ చివర ఒక్కో ఆశ్చర్యార్థకం ఉంది. మా మనవరాలికి చెప్పే కథల చివర కూడా నేను నీతి తగిలిస్తున్నానని మా కోడలు చెప్పింది. ‘అందుకే మావయ్యా, అది నిద్రపోకుండా లేచి కూర్చుంటుంది’ అంది. (నవ్వులు)

ఒక రోజులో కథలు రాయడం వచ్చేస్తుందా అంటే రాదు. ఆ ఇరవై రెండు మందిలో ఇప్పటికీ రాస్తున్నది ఏడెనిమిది మందే ఉంటారు. పాలకొండావిడ రాయడం లేదు, అది నాకు కష్టంగా ఉంది. ఫోన్ చేస్తే ‘పెసల కోతలు అయ్యాక రాస్తాను’ అంటుంది. కుర్రాడు మాత్రం నెలకొకసారి నాకు ఏదో ఒకటి పంపిస్తాడు, నేను నాది పంపిస్తాను. ఉత్తరాల్లోనేనండోయ్, ఐదు రూపాయల స్టాంపు అంటించి. వాట్సాప్‌లో అయితే ‘సూపర్ సార్’ అని బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటాడు. ఆ వేలికీ గీతలు ఉండవు, గమనించారా?

ఇంతే నేను చెప్పగలిగింది. ఎవరైనా ఏదైనా అడుగుతారా?

(సభలో ఒకరు: ఫీజు ఎంతండీ?)

రెండొందలు. భోజనానికే. జీడిపప్పుతో సహా.

(ఒక మహిళ: ఇక్కడ కూడా పెట్టొచ్చు కదా సార్?)

పెట్టొచ్చమ్మా. బేసిను నేను తెస్తాను, జంపఖానాలు లైబ్రేరియన్ గారు చూసుకుంటారు. పది నిమిషాల రాత మాత్రం ఇవాళే చేసేద్దాం, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

(ఒక విద్యార్థి: తాతగారూ, ఆవిడ పేరేంటి?)

అడిగావూ? పాస్‌బుక్కు మొదటి పేజీ మీద ఆ పేరు రాసింది నేనే నాన్నా. నా దస్తూరీయే. కానీ గుర్తు లేదు. వేలు గుర్తుంది, పేరు గుర్తు లేదు. ఆ కథ ఇప్పటికి ఆరుసార్లు తిరగరాశాను. అప్పలమ్మ అని పెట్టాను, సూరమ్మ అని పెట్టాను, పైడమ్మ అని పెట్టాను. ఏ పేరు పెట్టి పిలిచినా ఆవిడ ఇటు తిరగడం లేదు.

టీ వచ్చినట్టుంది. తాగి రండి, ఈలోగా కాగితాలు పంచుతాను.